కూలర్ బంద్ చేసి చూసిన సినిమా

నేను చూసే సినిమాలు వేరు. ఫైట్లు ఉండాలి, ఇంటర్వెల్ ముందు గట్టి మలుపు పడాలి, హీరో ఒక మాట అంటే హాలంతా ఈలలతో మోగాలి. పాట మొదలైతే లేచి బయటికి వెళ్లి టీ తాగి వస్తాను. హనుమకొండ అశోకలో అయినా, వరంగల్‌లో ఏ థియేటర్‌లో అయినా చిన్నప్పటి నుంచి ఇదే అలవాటు. అలాంటి నేను మొన్న మే నెలలో, మాటల బదులు పాటలే ఉన్న ఒక ఇంగ్లీషు సినిమాను ఇంట్లో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూశాను. దాని పేరు ‘లే మిజరాబ్ల్’. 2012లో వచ్చింది, టామ్ హూపర్ దర్శకుడు, నిడివి 158 నిమిషాలు. ఇలాంటి సినిమాలు మనకు ఎక్కవు అనుకునేవాళ్లు మా షాపు చుట్టుపక్కలే చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం, ఎక్కడ కష్టమైందో, ఎక్కడ పట్టేసిందో, ఎంత ఖర్చయిందో వరసగా రాస్తున్నాను.

మా అమ్మాయి ఇంగ్లీషు లిటరేచర్‌తో డిగ్రీ చదువుతోంది. సోమవారం పొద్దున క్లాసులో సెమినార్ ఇవ్వాలి. ఒక నవల సినిమా అయినప్పుడు ఏం మారుతుందో చెప్పాలి. తన వంతుకు విక్టర్ హ్యూగో 1862లో అచ్చు వేయించిన ఈ నవల వచ్చింది. శుక్రవారం రాత్రి నేను షాపు మూసి ఇంటికి వచ్చేసరికి ఫోన్ పట్టుకుని గుమ్మంలోనే ఉంది.

"డాడీ, నాకు ఒక 120 రూపాయలు కొట్టవా? సినిమా రెంట్‌కు తీసుకోవాలె."

కొట్టాను. అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. "రేపు రాత్రి నువ్వు కూడా కూర్చో" అంది. నాకెందుకమ్మా అంటే తను చెప్పిన కారణం నాకు నచ్చింది. "నా ఫ్రెండ్స్ అందరూ బాగుందనే అంటరు. నీకు ఎక్కడ బోర్ కొడితే అక్కడ చెప్పు, నేను రాసుకుంటా." సెమినార్‌లో నిజం మాట్లాడాలని పిల్ల అనుకుంటే తండ్రి కూర్చోకుండా ఎలా ఉంటాడు?

అద్దె సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. డబ్బు కట్టాక చూడడం మొదలుపెట్టడానికి నెల రోజులు టైమ్ ఇస్తారు. కానీ ఒకసారి ప్లే నొక్కితే 48 గంటల్లో చూసేయాలి. ఈ సంగతి డబ్బు కట్టిన తర్వాత స్క్రీన్ మీద చిన్న అక్షరాల్లో కనపడింది. శనివారం రాత్రి మొదలుపెడితే సోమవారం రాత్రి దాకా మనది. తొందర లేదనిపించింది. ఆ గడువు చివర్లో నాకే పనికొస్తుందని అప్పుడు తెలియదు.

శనివారం అన్నం తినేసి తొమ్మిదింబావుకు కూర్చున్నాం. మాకు ఇంట్లో వైఫై లేదు. నా ఫోన్ హాట్‌స్పాట్‌తో టీవీకి కలిపాం. మొదటి సీన్‌లో వాన, సముద్రపు నీళ్లు. సంకెళ్లు వేసిన ఖైదీలు నడుం దాకా నీళ్లలో నిలబడి ఒక పెద్ద ఓడను తాళ్లతో లాగుతుంటారు. లాగుతూనే పాడతారు. 1815వ సంవత్సరం. హీరో జీన్ వాల్‌జీన్, వేసింది హ్యూ జాక్‌మన్. అక్క బిడ్డ కోసం రొట్టె దొంగిలించి, పారిపోబోయి దొరికి, మొత్తం 19 ఏళ్లు జైల్లో ఉన్న మనిషి. గట్టు మీద నిలబడి చూస్తున్న పోలీసు అధికారి జవేర్, రసెల్ క్రోవ్. ఇంత పెద్ద సీను కళ్ల ముందు ఉన్నా నాకు సగం పదాలు వినపడలేదు. కారణం కూలర్. మా కూలర్ తిరుగుతుంటే పక్కింటి టీవీయే కాదు, మన టీవీ కూడా వినపడదు. మామూలు సినిమాలకు వాల్యూమ్ పెంచితే సరిపోయేది. ఇందులో మనుషులు గుసగుసగా పాడతారు, ఏడుస్తూ పాడతారు. వాల్యూమ్ పెంచితే ఆర్కెస్ట్రా పెరుగుతుంది కానీ ఆ గుసగుస తెలియదు. పది నిమిషాలు చూసి కూలర్ బంద్ చేశాను. ఆ రోజు పగలు ఎండ 43 డిగ్రీలు, గోడలు ఇంకా వేడిగానే ఉన్నాయి. మా ఇంటామె "మీకేమైనా పిచ్చా" అంటూ చాప తీసుకుని డాబా మీదికి వెళ్లిపోయింది.

మొదటి అరగంట నిజంగా కష్టం. అందులో దాపరికం ఏమీ లేదు. దారి అడగాలన్నా పాటే, పని లేదు పొమ్మని చెప్పాలన్నా పాటే. మేం తీసుకున్న దాంట్లో తెలుగు లేదు, కింద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. మామూలు ఇంగ్లీషు నేను చదువుతాను. స్పేర్ పార్ట్స్ కేటలాగులన్నీ ఇంగ్లీషులోనే వస్తాయి. కానీ ఇది కవిత్వం, మాటలు అటుదిటు ఇటుదటు ఉంటాయి. లైన్ చదివేలోపు మనిషి మొహం మారిపోతుంది. మొహం చూస్తే లైన్ పోతుంది. "ఇక్కడ బోర్" అని రెండుసార్లు చెప్పాను. అమ్మాయి బుద్ధిగా రాసుకుంది.

తర్వాత తనే ఒక పద్ధతి పెట్టింది. ప్రతి పెద్ద పాటకు ముందు ఆపి, ఇప్పుడు ఈ మనిషి మనసులో ఏముందో రెండు ముక్కల్లో చెప్పేది. "ఇక చదవకు డాడీ, మొహమే చూడు" అనేది. ఇంగ్లీషు మ్యూజికల్, అంటే ఇలా పాటలతోనే కథ నడిచే సినిమా, మొదటిసారి చూసేవాళ్లు ఎవరైనా సరే, కథ ముందే తెలుసుకుని కూర్చోండి. ఈ సినిమాలో సస్పెన్స్ ఏమీ పోదు. ఏం జరుగుతుందో తెలిసినప్పుడే, ఎలా పాడుతున్నారో వినపడుతుంది.

నన్ను మొదట కదిలించింది బిషప్ సీను. జైలు నుంచి వచ్చిన వాల్‌జీన్‌కు ఎవరూ పని ఇవ్వరు. ఒక ముసలి బిషప్ ఇంట్లోకి పిలిచి అన్నం పెడతాడు. అతను రాత్రికి రాత్రి అదే ఇంటి వెండి సామాను ఎత్తుకుపోతాడు. పోలీసులు పట్టుకుని తెస్తే బిషప్, ఇవి నేనిచ్చినవే అంటాడు. అంతటితో ఊరుకోడు. నువ్వు తొందరలో మర్చిపోయావంటూ రెండు వెండి దీపస్తంభాలు కూడా తెచ్చి చేతిలో పెడతాడు. ఆ బిషప్ గొంతు వినగానే ఈయన మామూలు నటుడు కాదనిపించింది. అమ్మాయి అప్పుడే ఫోన్‌లో చూసి చెప్పింది. పేరు కోల్మ్ విల్కిన్సన్. 1985లో లండన్‌లో ఇదే కథ స్టేజీ మీద ఆడినప్పుడు మొదటి వాల్‌జీన్ ఆయనే. అప్పటి వాల్‌జీన్ ఇప్పటి వాల్‌జీన్‌కు దీపాలు ఇస్తున్నాడన్న మాట. ఈ ఏర్పాటు చేసినవాళ్లకు దండం పెట్టాలనిపించింది.

ఆ తర్వాత ఫాంటీన్. ఆన్ హాథవే వేసింది. ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ వేరే ఊళ్లో పెంపకానికి పెట్టిన కూతురికి డబ్బు పంపుతుంటుంది. ఆ ఉత్తరం బయటపడి పని పోతుంది. జుట్టు అమ్ముతుంది, పన్ను అమ్ముతుంది, చివరికి తననే అమ్ముకుంటుంది. అప్పుడొక పాట పాడుతుంది. కెమెరా ఆమె మొహం మీద పెట్టి ఇక కదల్చరు. కత్తిరించిన జుట్టు, ఎర్రబడ్డ కళ్లు, వణికే గడ్డం. ఒక లైన్ సగంలో గొంతు పూడుకుపోతుంది, ఊపిరి పీల్చుకుని మళ్లీ అందుకుంటుంది. కోపం, ఏడుపు, సిగ్గు ఒకదాని వెంట ఒకటి వచ్చి పోతాయి. నేను కింద అక్షరాల వంక ఒక్కసారి కూడా చూడలేదు. పాట అయిపోయాక అమ్మాయి పాజ్ నొక్కి నా వంక చూసింది. ఏం రాసుకోవాలో అడగలేదు.

పదింపావు దాటిందో లేదో కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లే తిరుగుతాయి, టీవీ రాదు. అరగంటలో వస్తుందని కూర్చున్నాం. గంట దాటినా రాలేదు. ఇక లాభం లేదని మేమూ డాబా ఎక్కాం.

అక్కడ పడుకుని అమ్మాయి చెప్పిన సంగతి వినకపోతే మర్నాడు నేను అంత శ్రద్ధగా చూసేవాణ్ని కాదేమో. మన సినిమాల్లో పాట ముందే స్టూడియోలో పాడి రికార్డు చేస్తారు. షూటింగ్‌లో ఆ పాట వేస్తే నటులు పెదవులు కదుపుతారు. ఈ సినిమాలో అలా చేయలేదట. కెమెరా ముందే, నటిస్తూనే పాడారు. చెవిలో చిన్న ఇయర్‌పీస్ పెట్టుకుంటారు. కెమెరాకు కనపడకుండా ఒకతను పియానో వాయిస్తుంటాడు. పాడే మనిషి ఆగితే పియానో ఆగుతుంది, తొందరపడితే తొందరపడుతుంది. ఆర్కెస్ట్రా మొత్తం తర్వాత, ఆ గొంతుకు తగ్గట్టు కలిపారు. ఫాంటీన్ ఊపిరి అంత దగ్గరగా ఎందుకు వినపడిందో అప్పుడు అర్థమైంది. ఆ పాటకు ఆమెకు ఆస్కార్ వచ్చిందంటే రావాల్సిందే. సౌండ్‌కు, మేకప్‌కు కూడా వచ్చాయి.

పక్క మంచం మీద మా బాపు నిద్రపోయాడనుకున్నాం. "వెండి దీపాలిస్తడు, అదే గదా?" అన్నాడు చీకట్లోంచి.

"అవును బాపు. నీకెట్ల తెలుసు?"

"బీదలపాట్లు రా! నాగేశ్వర్‌రావుది. నేను హాల్ల జూసిన."

అమ్మాయి లేచి కూర్చుంది. వెతికితే నిజమే. ఇదే నవలను ‘బీదలపాట్లు’ పేరుతో 1972లో అక్కినేనితో తీశారు. అంతకుముందు 1950లోనే నాగయ్యతో ఒకసారి తీశారు. లైబ్రరీలో, నెట్‌లో వారం రోజులు వెతికిన పిల్లకు సెమినార్‌కు కావలసిన ముక్క డాబా మీద తాత దగ్గర దొరికింది. "తాతా, రేపు నువ్వు కూడా సూడాలె" అంది. కరెంటు ఎప్పుడు వచ్చిందో తెలియదు, అందరం నిద్రపోయాం.

ఆదివారం షాపు తీయలేదు. పదిన్నరకు టీవీ ముందు ముగ్గురం కూర్చున్నాం. కూలర్ విషయంలో బాపు ఏమంటాడోనని చూశాను. "బందు పెట్టు, ఇనపడది" అని ఆయనే అన్నాడు. తను చూడని ముక్క వేయమంటే ఫ్యాక్టరీ దగ్గరి నుంచి మళ్లీ పెట్టాం. బాపుకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మిల్లులో పని చేసి రిటైరైన మనిషి. ఫాంటీన్ చేతిలోని ఉత్తరాన్ని తోటి పనివాళ్లే గుంజుకుని చదివే సీను వచ్చింది. "పక్కపొంటి పనిచేసేటోళ్లే గట్ల జేసుడు తప్పు. మేమైతే పని పోయినోనికి చందాలేసి ఇచ్చేది" అన్నాడు. నాకు రాత్రి ఫాంటీన్ మొహమే గుర్తుంది, ఆ ఆడవాళ్లను నేను పట్టించుకోనే లేదు. రెండోసారి చూస్తుంటే వాళ్లే ముందు కనపడ్డారు.

మనుషులు మాట్లాడాల్సిన చోట పాడుతుంటే బాపుకు వింతగా అనిపించలేదు. నేనే అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "ఐనవోలు జాతరల ఒగ్గోళ్లు మల్లన్న కథ ఎట్ల జెప్తరు మరి?" అన్నాడు.

ఆ మాటతో నాకు సినిమా తెరుచుకుంది. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గర పట్నం (రంగుల ముగ్గు) వేసి, డోలు కొడుతూ ఒగ్గు పూజారులు కథ చెప్పడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మా జనగామ వైపు చుక్క సత్తయ్య గారు అయితే ఒగ్గు కథకుడిగా దేశమంతా పేరు తెచ్చుకున్నారు. కథకుడు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలోనే రాగం ఎత్తుకుంటాడు. పక్కవాడు వంత పాడతాడు. ఒకే మనిషి కాసేపు తల్లి అవుతాడు, కాసేపు కొడుకు అవుతాడు, వెంటనే మళ్లీ కథకుడు అవుతాడు. ఎవరూ అది అసహజం అనరు. రాత్రంతా కూర్చుని వింటారు. నేనూ విన్నాను. థియేటర్‌లో పాట వస్తే లేచి పోయేది ఎందుకంటే, అక్కడ చాలాసార్లు పాట వచ్చినప్పుడు కథ ఆగుతుంది. ఒగ్గు కథలో పాట ఆగితే కథ ఆగుతుంది. ఈ సినిమా ఆ జాతిది. అమ్మాయి పెన్ను తీసుకుని ఇది కూడా రాసుకుంది.

ఇక అక్కడి నుంచి కదల్లేదు. పారిస్‌లో 1832 జూన్‌లో జనరల్ లమార్క్ చనిపోతే, ఆయన అంతిమయాత్రలో కుర్రాళ్లు తిరగబడతారు. వీధిలో కుర్చీలు, బల్లలు, పియానో అన్నీ పడేసి అడ్డుగోడ కడతారు. అంతకుముందు అంతిమయాత్ర గుంపులో ఒకరు మెల్లగా ఒక పాట అందుకుంటారు. పక్కవాళ్లు కలుస్తారు. చూస్తుండగానే అది వీధంతా పాకుతుంది. ఈ సీనుకు నాకు ఎవరి సాయం అక్కర లేకపోయింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాంలకు వెళ్లినవాళ్లకు ఎవరికైనా అంతే. స్టేజీ మీద గోచీ, గొంగడి, గజ్జెలతో ఒకరు పాట ఎత్తుకోవడం, కింద వేలమంది ఒక్క గొంతు కావడం హనుమకొండలో నేను నిలబడి చూశాను, నిలబడి పాడాను కూడా. ఉపన్యాసాలు ఎన్ని విన్నా గుర్తులేవు. పాటలన్నీ గుర్తున్నాయి.

ఆ కుర్రాళ్లలో గవ్రోష్ అని ఒక చిన్న పిల్లవాడు ఉంటాడు. తూటాలు ఏరుకురావడానికి గోడ దాటి పోయి సైనికుల తుపాకీకి బలైపోతాడు. అంతా అయ్యాక శవాలను వరసగా పడుకోబెడతారు. జవేర్ ఆ వరస పక్కన నడుస్తూ వచ్చి పిల్లవాడి దగ్గర ఆగుతాడు. తన కోటు మీద ఉన్న పతకాన్ని తీసి ఆ పిల్లవాడి చొక్కాకు పెడతాడు. సినిమా అంతా వాల్‌జీన్‌ను వేటాడిన మనిషి, చట్టం తప్ప ఇంకొకటి తెలియని మనిషి చేసిన పని అది. అక్కడ పాట లేదు. బాపు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేను మామూలుగా చూసే సినిమాల్లో విలన్ చచ్చిపోతే ఈల వేస్తాం. జవేర్ చచ్చిపోతే నాకు జాలి వేసింది. అంతకుముందే వాల్‌జీన్ చేతికి చిక్కి, చంపకుండా వదిలేస్తే ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియక నదిలో దూకుతాడు. ఫైటు లేకుండా ఇద్దరు మగాళ్ల మధ్య ఇంత పెద్ద యుద్ధం నడపొచ్చని నాకు ఇప్పుడే తెలిసింది.

సరిగ్గా కాలువ సీన్‌లో ఇంకో అవాంతరం. తిరగబడ్డ కుర్రాళ్లలో గాయపడిన మారియస్‌ను భుజాన వేసుకుని వాల్‌జీన్ పారిస్ మురుగు కాలువల్లో నడుస్తుంటే బొమ్మ ఆగి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా నాది, అయిపోయింది. సినిమా హెచ్‌డీలో నడుస్తోందని మేం చూసుకోలేదు. డేటా ప్యాక్‌కు ఇంకో 60 రూపాయల దాకా పడింది. మీరు కూడా హాట్‌స్పాట్‌తో చూసేవాళ్లయితే ముందే క్వాలిటీ తగ్గించి పెట్టుకోండి. మా 32 ఇంచుల టీవీలో తేడా పెద్దగా తెలియలేదు. లేకపోతే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. మారియస్, వాల్‌జీన్ పెంచిన ఫాంటీన్ కూతురు కోజెట్ ఒకరినొకరు వీధిలో ఒక్కసారి చూసుకుని ప్రాణాలు ఇచ్చుకునేంత ప్రేమలో పడిపోతారు. దానికన్నా మారియస్‌ను మూగగా ప్రేమించి, వానలో ఒంటరిగా నడుస్తూ పాడే ఎపొనీన్ బాధే నాకు నిజంగా అనిపించింది. సత్రం నడిపే మోసగాళ్ల జంట పాట మొదట నవ్వించింది, తర్వాత ఎక్కువైంది. మొహాల మీదే అంతసేపు కెమెరా ఉండడం ఫాంటీన్ దగ్గర అద్భుతం, అన్ని చోట్లా అవసరం లేదు. ఇవన్నీ అమ్మాయికి చెప్పాను.

చివర్లో చనిపోయిన వాళ్లంతా పెద్ద అడ్డుగోడ మీద నిలబడి మళ్లీ ఆ అంతిమయాత్ర పాటే పాడతారు. మధ్యాహ్నం రెండింటికి అయిపోయింది. చొక్కాలు తడిసి ముద్దయ్యాయి. ముగ్గురం అన్నం కూడా తినకుండా అరగంట దాని గురించే మాట్లాడుకున్నాం. మా ఇంట్లో మూడు తరాలు కలిసి ఒక సినిమా గురించి అంతసేపు మాట్లాడుకోవడం ఈ మధ్య జరగలేదు.

సోమవారం సెమినార్ బాగా జరిగింది. నాగయ్య, నాగేశ్వరరావుల సినిమాల ప్రస్తావన వచ్చినప్పుడు క్లాసంతా తలెత్తి చూసిందట. ఒగ్గు కథ పోలిక మీద మేడమ్ రెండు ప్రశ్నలు అడిగి, దీన్నే పెంచి ప్రాజెక్టుగా రాయమన్నారట. నాకు ఆ రోజు షాపులో కూర్చున్నా మనసు గడువు మీదే ఉంది. రాత్రి తొమ్మిదింబావుకు 48 గంటలు పూర్తవుతాయి. ఏడింటికే షట్టర్ దించి ఇంటికి వచ్చాను. ఫాంటీన్ పాట ఒకసారి, అందరూ రేపటి గురించి ఎవరి రాగంలో వాళ్లు పాడుతూ ఒక్కటయ్యే పాట రెండుసార్లు వేయించుకున్నాను. రెండోసారి ఎవరి గొంతు ఎక్కడ కలుస్తోందో విడివిడిగా పట్టుకోగలిగాను.

మొత్తం ఖర్చు 180 రూపాయలు. హాల్లో నలుగురం ఒక సినిమాకు వెళ్తే పార్కింగ్, పాప్‌కార్న్ కలిపి ఎంతవుతుందో అందరికీ తెలుసు. అమ్మాయి ఇప్పుడు ఇంకో మ్యూజికల్ వెతికి పెట్టింది, వచ్చే శనివారానికి నేను సరేనన్నాను. బాపు మాత్రం ముందు నాగేశ్వర్‌రావుది చూపియ్యాలని పట్టుబట్టాడు. మంచి ప్రింటు కోసం వెతుకుతున్నాం.